వెనక డిస్క్ బ్రేకులో పీడన నష్టం

మోటారు సైకిల్ వెనక చక్రపు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులో, పెడల్ తొక్కినప్పుడు పుట్టాల్సిన ఒత్తిడి పుట్టకపోవడం లేదా పుట్టిన ఒత్తిడి నిలవకపోవడం పీడన నష్టం. బండి నడిపేవాళ్ళు దీన్ని ‘పెడల్ మెత్తబడింది’, ‘బ్రేకు కిందికి దిగిపోతోంది’, ‘ఎయిర్ పట్టింది’ అని చెబుతారు. ఈ మూడూ ఒకే దోషానికి పేర్లు కావు. పెడల్ ఏ తీరున పోయిందన్నదే దోషం ఎక్కడుందో చెప్పే మొదటి ఆధారం. ఆ తీరు అడగకుండా విడిభాగాలు విప్పడం మొదలుపెడితే డబ్బు పోతుంది, దోషం మిగులుతుంది.

రాడ్డుతో పనిచేసే డ్రమ్ బ్రేకుకు ఈ వ్యాసం వర్తించదు. అందులో ద్రవం ఉండదు. పెడల్ దిగితే వెనక చక్రం దగ్గరి నట్టు బిగిస్తారు, లైనర్లు అరిగిపోతే మారుస్తారు. డిస్క్ బ్రేకులో ప్యాడ్ల అరుగుదలకు అలా బిగించుకునే నట్టు లేదు, దాన్ని ద్రవమే సర్దుతుంది. అలాగే, పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే అది పీడన నష్టం కాదు. చైనుకు కొట్టిన లూబ్ డిస్క్ మీద పడటం, ప్యాడ్ల ముఖం గాజులా నున్నబడటం అందుకు కారణాలు.

నిర్మాణం, పనితీరు

వెనక బ్రేకులో పెడల్, మాస్టర్ సిలిండర్, ద్రవం ఉండే చిన్న డబ్బా, హోస్ పైపు, ప్యాడ్లను డిస్క్ మీదికి అదిమే కాలిపర్ ఉంటాయి. డబ్బా చాలా బండ్లలో కుడి పాదం వెనక, పక్క ప్యానెల్ కింద కనిపిస్తుంది. చక్రం పట్టేయకుండా చూసే ఎ.బి.ఎస్. ఉన్న బండ్లలో మాస్టర్ సిలిండర్‌కూ కాలిపర్‌కూ మధ్య మాడ్యులేటర్ చేరుతుంది.

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చూపాడు. బ్రేకు నిలబడేది ఈ సూత్రం మీదే. ఒక మామూలు లెక్క వేస్తే: పాదం పెడల్ మీద 200 న్యూటన్ల బలం, అంటే సుమారు 20 కిలోల బరువు మోపినంత బలం వేసిందనుకుందాం. పెడల్ లివర్ దాన్ని 4 రెట్లు చేస్తే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద పడేది 800 న్యూటన్లు. ఆ పిస్టన్ వ్యాసం 14 మిల్లీమీటర్లయితే ద్రవంలో పుట్టే ఒత్తిడి దాదాపు 52 బార్. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది ఇరవై రెట్లు దాటుతుంది. కాలిపర్ పిస్టన్ వ్యాసం 34 మిల్లీమీటర్లయితే ప్యాడ్‌ను డిస్క్ మీద అదిమే బలం 4,700 న్యూటన్లు.

బలం పెరిగినంతగా కదలిక తగ్గుతుంది. ఇదే లెక్కలో కాలిపర్ పిస్టన్ 0.3 మిల్లీమీటర్లు కదలడానికి మాస్టర్ సిలిండర్ పిస్టన్ 1.8 మిల్లీమీటర్లు, పెడల్ 7 మిల్లీమీటర్లు కదలాలి. ఇంత కదలికకు కావలసిన ద్రవం పావు మిల్లీలీటరు కన్నా కొంచెం ఎక్కువ, అంటే అయిదారు చుక్కలు. ఈ బ్రేకు పని చుక్కల లెక్కలో సాగుతుందని గుర్తుంటే, కొద్దిపాటి గాలి, కొద్దిపాటి లీకు ఎందుకంత తేడా చేస్తాయో అర్థమవుతుంది.

మాస్టర్ సిలిండర్ లోపల డబ్బా వైపు రెండు రంధ్రాలుంటాయి. పెద్దది ద్రవం రావడానికి. సూది మొన అంతటి చిన్నది, పెడల్ వదిలాక ఒత్తిడి పూర్తిగా దిగడానికి. తొక్కడం మొదలవగానే పిస్టన్ మీది రబ్బరు కప్పు ఈ చిన్న రంధ్రాన్ని దాటుతుంది, ఒత్తిడి పుట్టేది ఆ తర్వాతే. కాలిపర్ పిస్టన్ చుట్టూ చదరపు కోత ఉన్న రబ్బరు రింగు ఉంటుంది. తొక్కినప్పుడు అది పిస్టన్‌తో పాటు మెలిపడి, వదిలినప్పుడు తన ఆకారానికి వచ్చేస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ రింగులోంచి జారి ముందుకు వచ్చి కూర్చుంటుంది. వెనక ఏర్పడిన ఖాళీని డబ్బాలోని ద్రవం నింపుతుంది. డబ్బాలో మట్టం నెమ్మదిగా తగ్గినంత మాత్రాన లీకు ఉందనుకోనక్కర్లేదనడానికి కారణం ఇదే.

చరిత్ర

వాహనాల హైడ్రాలిక్ బ్రేకు మాల్కమ్ లాక్‌హీడ్ కృషితో రూపుదిద్దుకుంది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో వచ్చింది. మోటారు సైకిళ్ళకు చేరడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. 1969లో హోండా సి.బి.750 ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్‌తో పెద్ద ఎత్తున తయారైంది, కానీ వెనక డ్రమ్మే. 1970ల మధ్యలో హోండా జి.ఎల్.1000 గోల్డ్ వింగ్ వంటి పెద్ద బండ్లు వెనకా డిస్క్ పెట్టాయి. అదే కాలంలో మోటో గుజ్జి 850 టి3, పెడల్ తొక్కితే వెనక డిస్క్‌తో పాటు ముందు రెండు డిస్కుల్లో ఒకటి కూడా పట్టే ఏర్పాటుతో వచ్చింది. ఇలాంటి జంట బ్రేకుల్లో పెడల్ ఒత్తిడి పోతే నష్టం వెనక చక్రంతో ఆగదు. 1988లో బి.ఎం.డబ్ల్యు. కె100తో మోటారు సైకిళ్ళకు ఎలక్ట్రానిక్ ఎ.బి.ఎస్. వచ్చింది.

మన దేశంలో బజాజ్ పల్సర్ 220 డి.టి.ఎస్.-ఎఫ్.ఐ. (2007), యమహా ఆర్15 (2008) వెనక డిస్క్‌ను యువతకు పరిచయం చేశాయి. 125 సీసీ దాటిన బండ్లకు ఎ.బి.ఎస్. నిబంధన కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే ఉన్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రోజువారీ బండ్లలో మాత్రం వెనక డ్రమ్ ఇంకా మామూలే. కాబట్టి చిన్న ఊళ్ళలో ఎందరో మెకానిక్కులు డ్రమ్ అలవాటుతోనే డిస్క్‌ను చేతిలోకి తీసుకుంటారు.

బ్రేక్ ద్రవం

అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు గానీ, వాడుకలో ఉన్న డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు నూనెలు కావు. అవి గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవాలు, నీటిలో కలుస్తాయి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఈ హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. డాట్ 5.1కు ఇవి 260, 180. డాట్ 5 మాత్రం సిలికాన్ ద్రవం, పేరు దగ్గరగా ఉన్నా మిగతా వాటితో కలపకూడదు. ఏ రకం పోయాలో డబ్బా మూత మీదే అచ్చు వేసి ఉంటుంది.

తేమ పీల్చుకునే ఈ గుణం కోస్తా జిల్లాల్లో లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల సముద్రపు గాలిలో సగం వాడిన సీసాను మూత వదులుగా పెట్టి షాపు అల్మారాలో నెలల తరబడి ఉంచితే, ఆ ద్రవం బండిలో పడకముందే పాడైపోతుంది. కొత్త ద్రవం లేత పసుపుగా, నీళ్ళలా తేటగా ఉంటుంది. డబ్బాలో కాఫీ డికాక్షన్ రంగు కనిపిస్తే మార్చాల్సిన గడువు ఎప్పుడో దాటినట్టే. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. ఈ ద్రవం పెయింటును తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్ళతో కడగాలి.

పీడనం పోయే తీరులు

పెడల్ రబ్బరు బంతిని తొక్కినట్టు మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు పంపు కొడితే గట్టిపడితే గాలి చేరినట్టు. గట్టిగానే తగిలి, పాదం అలాగే ఉంచితే మెల్లగా కిందికి జారిపోతే లీకు ఉన్నట్టు. బయట తడి లేకపోతే అది మాస్టర్ సిలిండర్ లోపలి లీకు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ దిగేటప్పుడు పోయి, అరగంట ఆగాక తిరిగి వస్తే ద్రవం మరిగినట్టు. ప్రతి కొత్త తొక్కుడూ లోతుకు వెళ్ళి, వెంటనే రెండోసారి తొక్కితే సరిగ్గా ఉంటే డిస్క్‌లో వంకరో చక్రపు బేరింగులో వదులో ఉన్నట్టు. ప్యాడ్లు మార్చిన వెంటనే మొదటి తొక్కుడు నేరుగా కిందికి పోవడం దోషం కాదు. వెనక్కి నెట్టిన పిస్టన్లు ఇంకా ప్యాడ్ల దాకా రాలేదంతే. అయినా, పంపు కొట్టకుండా షాపు ముందు నుంచి నేరుగా రోడ్డెక్కే బండికి ఆ మొదటి తొక్కుడులో బ్రేకు లేనట్టే.

గాలి చేరడం (చూడండి: గాలి తీయడం)

ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. పై లెక్కలోని బండిలో అర మిల్లీలీటరు గాలి, అంటే పది చుక్కలంత బుడగ ఉందనుకుందాం. 52 బార్ దగ్గర అది యాభయ్యో వంతుకు కుదించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి మాస్టర్ సిలిండర్ పిస్టన్ 3 మిల్లీమీటర్లకు పైగా, పెడల్ 12 మిల్లీమీటర్లకు పైగా అదనంగా దిగాలి. ఒక మిల్లీలీటరు గాలికి పెడల్ ఒక అంగుళం దిగుతుంది. మాస్టర్ సిలిండర్ పిస్టన్ నడక మొత్తమే సుమారు పది మిల్లీమీటర్లు కాబట్టి అంతకన్నా ఎక్కువ గాలికి చోటు లేదు.

డబ్బాలో మట్టం అడుక్కి పోతే గాలి వస్తుంది. బండి పక్కకు పడి చాలాసేపు ఉంటే వస్తుంది. హోస్ విప్పి బిగించినప్పుడు ఎలాగూ వస్తుంది. వెనక బ్రేకుకు ప్రత్యేకమైన చిక్కు దాని అమరిక. గాలి పైకి పోతుంది, కానీ కొన్ని బండ్లలో కాలిపర్ స్వింగ్ ఆర్మ్ కింద వేలాడుతూ, గాలి తీసే నిప్పిల్ కిందికో పక్కకో తిరిగి ఉంటుంది. అలాంటి చోట ఎంతసేపు పంపు కొట్టినా కాలిపర్ పై మూలన ఇరుక్కున్న బుడగ కదలదు. హోస్ పైపు మధ్యలో గుర్రపు నాడాలా పైకి వంగి ఉంటే ఆ వంపులోనూ, మాస్టర్ సిలిండర్ మీద హోస్ బిగించే బాంజో బోల్టు దగ్గరా గాలి దాక్కుంటుంది. మూడు నాలుగుసార్లు గాలి తీయించినా పెడల్ రాలేదని మాస్టర్ సిలిండర్ మార్చేసిన సందర్భాల్లో అసలు దోషం తరచుగా ఇదే.

లోపలి లీకు (చూడండి: మాస్టర్ సిలిండర్ మరమ్మతు)

పిస్టన్ మీది ముందు కప్పు అరిగినా, సిలిండర్ గోడ మీద తుప్పు గీతలు పడినా, ఒత్తిడిలో ఉన్న ద్రవం కప్పు పక్క నుంచి జారిపోతుంది. వెనక కప్పు బాగుంటే ఒక్క చుక్కా బయటికి రాదు. డబ్బా మట్టం తగ్గదు, నేల మీద మరక పడదు. వేగంగా తన్నితే కప్పు అంచు గోడకు అతుక్కుని పెడల్ గట్టిగానే తగులుతుంది. నెమ్మదిగా, తేలికగా తొక్కి పట్టి ఉంచినప్పుడే జారుడు బయటపడుతుంది. షాపులో ఒకసారి గట్టిగా తన్ని ‘బాగానే ఉంది’ అనేవాళ్ళు దీన్ని పట్టుకోలేరు, ఈ దోషం ముంచేది కూడా సిగ్నల్ దగ్గర పెడల్ మీద పాదం మోపి నిలబడినప్పుడే.

కప్పులు తొందరగా పాడవడానికి మన షాపుల్లో ఒక సాధారణ కారణం పెట్రోలు. విప్పిన పిస్టన్‌ను పెట్రోలు గిన్నెలో ముంచి బ్రష్షుతో రుద్దుతారు. ఇంజను భాగాలకు అది సరిపోతుంది. బ్రేకు రబ్బరు పెట్రోలును, ఇంజనాయిలును, గ్రీజును తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన కప్పును వేళ్ళ మధ్య నొక్కితే తడిసిన బెల్లం ముక్కలా మెత్తగా ఉంటుంది, కొత్త కప్పు పక్కన పెడితే కళ్ళకే పెద్దదిగా కనబడుతుంది. అది సిలిండర్‌లో ఇరుక్కుని వెనక్కి రాకుండా చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది, లేదా అంచు నలిగి లీకవుతుంది. కడగడానికి వాడాల్సింది కొత్త బ్రేక్ ద్రవమే.

బయటి లీకు

చూడవలసిన చోట్లు నాలుగు. మాస్టర్ సిలిండర్ కింద, పెడల్ బలాన్ని పిస్టన్ మీదికి చేర్చే పుష్ రాడ్‌కు తొడిగిన రబ్బరు తొడుగు ఎత్తితే లోపల తడి ఉంటే వెనక కప్పు పోయింది. హోస్ రెండు చివర్లలో బాంజో బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు ఒకసారి నలిగాక మళ్ళీ అంత బాగా అతకవు, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. నిప్పిల్ మొన దెబ్బ తింటే ఎంత బిగించినా చెమ్మ వస్తూనే ఉంటుంది. నాలుగోది కాలిపర్ పిస్టన్ రింగు. పిస్టన్ మీద తుప్పు పొక్కులు లేస్తే రింగు చిరుగుతుంది, ద్రవం ప్యాడ్ల మీదికి పోతుంది. ద్రవం తాగిన ప్యాడ్లను కాల్చి, గీకి మళ్ళీ వేయడం అలవాటుగా ఉంది. అవి మార్చాల్సినవే.

తుప్పు సంగతి కంపెనీలకూ అనుభవమే. చలి దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల కాలిపర్లు తుప్పు పట్టవచ్చని రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో బ్రిటన్, యూరప్, దక్షిణ కొరియాలలో సుమారు 15,200 బండ్లను వెనక్కి పిలిచింది.

మరగడం, ఒరుసుకోవడం

తిరుమల కొండ దిగేటప్పుడో, అనంతగిరి మీదుగా అరకు నుంచి వచ్చేటప్పుడో, శ్రీశైలం ఘాట్‌లోనో పాదం పెడల్ మీదే ఉంచి దిగడం చాలామందికి అలవాటు. ముందు బ్రేకు పడితే బోల్తా పడతామన్న భయం దానికి తోడు. కిలోమీటర్ల తరబడి ప్యాడ్లు డిస్క్‌ను రాసుకుంటుంటే వేడి పిస్టన్ గుండా ద్రవానికి చేరుతుంది. తేమ తాగిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది, పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. గేరు తగ్గించి ఇంజనుతో వేగం ఆపుకుంటూ, రెండు బ్రేకులూ విడతలుగా పడుతూ దిగితే ఈ వేడి పుట్టదు.

పాదం పెట్టకపోయినా బ్రేకు పట్టే ఉండటం మరో కారణం. పెడల్ ఎత్తు సర్దేటప్పుడు పుష్ రాడ్‌ను బొత్తిగా ఖాళీ లేకుండా బిగిస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, చిన్న రంధ్రం తెరుచుకోదు. వేడికి వ్యాకోచించిన ద్రవానికి పోయే దారి లేక ప్యాడ్లను ఇంకా అదుముతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. చక్రం పట్టేస్తుంది, లేదా ద్రవం మరుగుతుంది. కాలిపర్ జారే పిన్నులు దుమ్ముతో బిగుసుకున్నా ఇదే జరుగుతుంది. వెనక బ్రేకు ఇలా ఒరుసుకుపోయే ప్రమాదం వల్లే హోండా 2011లో జి.ఎల్.1800 గోల్డ్ వింగ్ బండ్లను 1,26,000 దాకా వెనక్కి పిలిచింది. అక్కడ కారణం జంట బ్రేకు వ్యవస్థలోని రెండో మాస్టర్ సిలిండర్.

ఎ.బి.ఎస్. మాడ్యులేటర్

పాత ద్రవం నుంచి విడిపోయే మడ్డి మాడ్యులేటర్ వాల్వుల మీద పేరుకుంటే పెడల్ హఠాత్తుగా పోవచ్చు. 2008 నుంచి 2011 దాకా తయారైన కొన్ని ఎ.బి.ఎస్. హార్లీ-డేవిడ్సన్ బండ్లను ఇదే కారణంతో 2018లో వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే అవి దాదాపు 1,75,000. రెండేళ్ళ గడువు దాటినా ద్రవం మార్చకపోవడమే మడ్డికి మూలమని తేలింది. మాడ్యులేటర్ లోపల గాలి ఇరుక్కుంటే కొన్ని బండ్లలో కంపెనీ స్కానర్‌తో వాల్వులను ఆడించి తీయాలి.

దోషం గుర్తించే క్రమం

మొదట డబ్బా మట్టం, వెంటనే ప్యాడ్ల మందం చూడాలి. మట్టం తగ్గి ప్యాడ్లు అరిగి ఉంటే మార్చాల్సింది ప్యాడ్లు. అరిగిన ప్యాడ్ల మీద ద్రవం నింపేస్తే కొత్తవి వేసే రోజున అది పొంగి పెయింటు మీద పడుతుంది. అంతకన్నా ముఖ్యం, నిజంగా లీకు ఉంటే నింపిన కొద్దీ అది కనిపించకుండా పోతుంది. ప్యాడ్లు మందంగా ఉండి మట్టం తగ్గితే ద్రవం ఎక్కడో కారుతోంది.

తర్వాత నెమ్మది తొక్కుడు పరీక్ష: చేత్తో పెడల్‌ను తేలికగా నొక్కి అర నిమిషం పట్టి ఉంచాలి. జారితే, డబ్బా మూత తీసి మరొకరితో మళ్ళీ నొక్కించి చూడాలి. పెడల్ పట్టి ఉంచినంతసేపూ ద్రవం సన్నగా సుడి తిరుగుతుంటే అది కప్పు దాటి వెనక్కి వస్తున్నట్టు.

సందేహం తీరకపోతే హోస్‌ను మాస్టర్ సిలిండర్ దగ్గర విప్పి, ఆ రంధ్రాన్ని సరిపడే మరలున్న బోల్టు, రాగి వాషరుతో మూసి, గాలి తీసి తొక్కాలి. పెడల్ రాయిలా నిలిస్తే మాస్టర్ సిలిండర్ బాగుంది, దోషం దాని తర్వాతే. అప్పటికీ మెత్తగా ఉంటే ఇక హోసూ కాలిపరూ వెతకనక్కర్లేదు. పది నిమిషాల ఈ పరీక్ష అనవసరపు ఖర్చును ఆపినంతగా మరేదీ ఆపదు.

తొక్కినప్పుడు పాత రబ్బరు హోస్ బుగ్గలా ఉబ్బుతోందేమో వేళ్ళతో పట్టి చూడాలి. చక్రం తిప్పుతూ డిస్క్ అటూ ఇటూ ఊగుతోందేమో చూడాలి. ఊగుడు చాలా మాన్యువళ్ళలో 0.3 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంటుంది.

గాలి తీయడం

నిప్పిల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, దాని రెండో చివర కొంచెం ద్రవం ఉన్న సీసాలో ముంచాలి. పెడల్ రెండు మూడుసార్లు పంపు కొట్టి కిందికి పట్టి ఉంచి, పానాతో నిప్పిల్ పావు చుట్టు విప్పితే ద్రవంతో పాటు బుడగలు గొట్టంలో పరుగెత్తుతాయి. నిప్పిల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి వస్తుంది. ఈ వరసలో డబ్బా ఒక్కసారి ఖాళీ అయినా పని మొదటికొస్తుంది.

నిప్పిల్ పైకి లేని బండ్లలో కాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల మధ్య డిస్క్ మందం ఉన్న చెక్క ముక్క పెట్టి, నిప్పిల్ అన్నిటికన్నా ఎత్తున ఉండేలా చేత్తో పట్టుకుని గాలి తీయాలి. చెక్క లేకుండా తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. మొండికేసే బుడగకు సిరంజితో నిప్పిల్ వైపు నుంచి ద్రవం ఎక్కించే పద్ధతి బాగా పనిచేస్తుంది, గాలి తన సహజమైన దారిలో పైకే పోతుంది. అంతకుముందే డబ్బాలోంచి కొంత తోడేయాలి, లేకపోతే పొంగుతుంది.

మాస్టర్ సిలిండర్ మరమ్మతు

పిస్టన్, కప్పులు, స్ప్రింగు కలిపి కిట్‌గా దొరుకుతాయి. విప్పాక సిలిండర్ గోడను టార్చి వేసి చూడాలి. గోరుకు తగిలే గీత ఉంటే కిట్ వేసినా నిలవదు, సిలిండర్ మొత్తం మార్చాలి. కొత్త కప్పులకు ద్రవం పూసి, అంచు మడత పడకుండా ఎక్కించాలి. చివరగా పుష్ రాడ్‌కు మాన్యువల్ చెప్పినంత ఖాళీ ఉంచి లాక్ నట్టు బిగించాలి. మరమ్మతు అయ్యాక చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పెడల్ పట్టి ఉంచితే అర నిమిషమైనా కదలకూడదు. ఆ రెండూ కుదిరాక ఖాళీ రోడ్డు మీద నడక వేగంతో తొక్కి చూడాలి, తిరిగొచ్చాక రాగి వాషర్ల దగ్గర వేలితో తడి తగులుతుందేమో మరోసారి చూడాలి.